బురిటోలోకి ఇగురే కావాలి, పులుసు కాదు

బురిటో అంటే పల్చటి రొట్టెలో కూర పెట్టి చుట్టే మెక్సికన్ వంటకం. దాని అడుగు ఊడి చేతిలో కారిపోతే చాలామంది చుట్టడం రాలేదనుకుంటారు. నిజానికి తప్పు కూరది. లోపల పులుసు ఉంటే ఎంత మంచి రొట్టె అయినా రెండు నిమిషాల్లో నాని చిరుగుతుంది. స్లో కుక్కర్‌లో, అంటే తక్కువ వేడితో గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్‌లో, ఆవిరి బయటికి పోదు కాబట్టి అందులో వండిన కూర ఎప్పుడూ పల్చగానే వస్తుంది. దాన్ని ఇగరబెట్టడమే ఈ వంటలో అసలు పని.

ఇక్కడ చెప్పేది ఉత్తర మెక్సికో పద్ధతి. గోధుమలు బాగా పండే ఆ ప్రాంతంలో టోర్టియా, అంటే బురిటో రొట్టె, మొక్కజొన్నతో కాక మైదాతో చేస్తారు. అక్కడి సరిహద్దు నగరం సియుదాద్ హ్వారెస్‌లో అమ్మే బురిటో సన్నగా, ఒకే ఒక్క కూరతో ఉంటుంది, అన్నం పెట్టరు. అన్నం, బీన్స్, క్రీమ్ అన్నీ కుక్కి అల్యూమినియం రేకులో చుట్టే లావాటి బురిటో 1960లలో శాన్ ఫ్రాన్సిస్కోలోని మిషన్ పేటలో పేరుకొచ్చింది. మనం చేసే కూర చిలె కొలొరాడో, అంటే ఎర్రమిరప కూర. అక్కడ పంది భుజం మాంసంతోనో గొడ్డు మాంసంతోనో చేస్తారు. మేక మాంసంతోనూ బాగా కుదురుతుంది. ఈ కొలతలకు ఎనిమిది బురిటోలు వస్తాయి.

ముందు మిరపకాయలు. అమెరికాలో ఉంటే మెక్సికన్ దుకాణంలో గ్వాహియో పది, ఆంచో మూడు తీసుకోండి. ఇక్కడైతే బ్యాడిగి గానీ వరంగల్ చపాటా గానీ 60 గ్రాములు. రెంటికీ రంగు ఎక్కువ, కారం తక్కువ. గుంటూరు తేజ మిరపకాయలు అదే తూకంలో వేస్తే ఎవరూ తినలేరు. కారం కావాలంటే రెండు చాలు. తొడిమలు తీసి, గింజలు దులిపేసి, పొడి పెనం మీద సన్నని సెగన ఒక్కో వైపు 20 సెకన్లు వేడి చేయండి. కమ్మటి వాసన రాగానే తీసేయాలి. ఒక్క కాయ మాడినా కూరంతా చేదవుతుంది, పంచదార వేసినా ఆ చేదు పోదు. మాడిన కాయను మొహమాటపడకుండా పారేయండి.

మరిగిన నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లు రుచి చూడండి. చేదుగా ఉంటే పారబోసి మంచినీళ్లు వాడండి. కాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఉల్లిపాయ, వేయించిన జీలకర్ర ఒక టీస్పూను, ఒకటిన్నర కప్పు నీళ్లు కలిపి మెత్తగా రుబ్బి, జల్లెడలో వడగట్టండి. వడగట్టకపోతే మిరప తొక్కలు పళ్లకు తగులుతాయి. ఈ గుజ్జును రెండు టేబుల్ స్పూన్ల నూనెలో ఐదారు నిమిషాలు, పచ్చివాసన పోయి రంగు ముదిరేదాకా వేయించాలి. స్లో కుక్కర్ ఎన్ని గంటలు ఉడికించినా పచ్చివాసనను వదిలించలేదు. ఓరెగానో ఒక టీస్పూను చాలు. అల్లం, గరం మసాలా వేశారా, అది మన మటన్ కూరే. బాగానే ఉంటుంది కానీ ఇది కాదు.

మాంసం ఎముకలు లేకుండా కిలో, రెండంగుళాల ముక్కలు. కొవ్వూ నరాలూ ఉన్న భుజం మాంసమే అడగండి. నిదానంగా ఉడికేటప్పుడు ఆ నరాల్లోని కొలాజెన్ కరిగి జిగురవుతుంది, కూరకు చిక్కదనం అదే. కొవ్వు లేని ముక్కలు పీచులా ఎండిపోతాయి. తడి తుడిచి, కొన్ని కొన్నిగా మూకుడులో వేసి అంచులు ఎర్రబడేదాకా వేయించి, ఒక టీస్పూను ఉప్పు, గుజ్జుతో కుక్కర్‌లో పెట్టండి. నీళ్లు పోయకండి, మాంసమే వదులుతుంది. సన్నని సెగ మీద 8 గంటలు, ఎక్కువ మీదైతే 5. మధ్యలో మూత తీసి చూస్తే పోయిన వేడి మళ్లీ ఎక్కడానికి దాదాపు అరగంట పడుతుంది. గడ్డకట్టిన మాంసం నేరుగా పెట్టకూడదు. వేడెక్కడం ఆలస్యమై సూక్ష్మజీవులు పెరుగుతాయి. స్లో కుక్కర్ లేకపోతే మందపాటి గిన్నెలో మూతపెట్టి, అతి సన్నని మంట మీద మూడు గంటలు.

ఉడికాక ముక్కలు బయటికి తీసి రెండు ఫోర్కులతో పీచుగా విడదీయండి. మిగిలిన రసం వెడల్పాటి మూకుడులో పోసి, పైన తేలిన కొవ్వు కొంత తీసేసి, పెద్ద మంట మీద 12 నుంచి 15 నిమిషాలు మరిగించండి. గరిటెతో అడుగున గీత గీస్తే అది వెంటనే మూసుకోకూడదు. అప్పుడు మాంసం కలిపి ఇంకో రెండు నిమిషాలు. ఒక చెంచా పళ్లెంలో వేసి వాల్చి చూడండి. కూర పక్కన ఎర్రటి నీరు జారితే ఇంకా ఇగరాలి. ఉప్పు ఇప్పుడు సరిచూడండి, ముందే నిండుగా వేస్తే ఇగిరేసరికి ఉప్పు కషాయమవుతుంది. దించేముందు ఒక టేబుల్ స్పూను వెనిగర్.

రాజ్మా వేయాలనుకుంటే ఒక హెచ్చరిక: ఎండు గింజలు నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి. వాటిలో ఉండే ఫైటోహెమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఆ తక్కువ వేడికి చావదు, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. 200 గ్రాములు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, నూనెలో మెదిపి ముద్ద చేయండి. రొట్టె మీద ముందు ఇది పూస్తే కూర తడి అడుగుకు దిగదు. కూర మానేసి ఇదే పెడితే శాకాహార బురిటో. బయట కొనే శాకాహారులు మాత్రం బీన్స్‌లో, టోర్టియాలో పంది కొవ్వు ఉందేమో అడిగి తీరాలి.

టోర్టియాకు మైదా 400 గ్రాములు, ఉప్పు ఒకటిన్నర టీస్పూను, నెయ్యి లేదా వనస్పతి 70 గ్రాములు. కొవ్వును పిండిలో వేళ్లతో నలిపి, 210 మిల్లీలీటర్ల వేడి నీళ్లతో కలిపి, ఐదు నిమిషాలు పిసికి, ఎనిమిది ఉండలు చేసి తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. వత్తుతుంటే వెనక్కి ముడుచుకుంటోందంటే ఇంకా నానలేదని అర్థం. పదంగుళాల వెడల్పు, వెలుతురు కనబడేంత పల్చన. బాగా కాలిన పెనం మీద ఒక్కో వైపు 30, 40 సెకన్లు. చపాతీలా నిదానంగా కాలిస్తే అప్పడమై మడతకు విరుగుతుంది. తీసినవి తీసినట్టే గుడ్డలో చుట్టి పెట్టండి.

వేడి రొట్టె మధ్యకు కాస్త కిందుగా రెండు చెంచాల బీన్స్, అర కప్పు కూర. పక్కలు లోపలికి మడిచి, కింది అంచు పైకి తెచ్చి, వేళ్లతో కూరను వెనక్కి లాగి బిగించి దొర్లించండి. అతుకు కిందికి వచ్చేలా పెనం మీద నిమిషం కాలిస్తే విడిపోదు.

కూర విడిగా ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. చుట్టిన బురిటోలు పూర్తిగా చల్లారాక రేకులో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు బాగుంటాయి. వేడిగా చుడితే లోపల ఆవిరి నీరై మళ్లీ మొదటి కథే. మైక్రోవేవ్‌లో పెట్టేముందు రేకు తీసేసి తడి కాగితం చుట్టండి, ఆపైన పెనం మీద ఒకసారి అటూ ఇటూ తిప్పండి.