తుపాన్లు మొదలయ్యేలోగా ఆర్మ్‌బియన్ బోర్డు సంగతి చూసుకోండి

సెప్టెంబరు దాటిందంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు కరెంటు ఎప్పుడు పోతుందో, పోయాక ఎన్నాళ్ళకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గరే తీరం దాటింది. గులాబ్ 2021 సెప్టెంబరు చివర్లో కళింగపట్నం పైన తీరం దాటింది. జీడిపప్పు గోదాములో కెమెరాల రికార్డింగ్‌కో, స్కూల్లో పాఠాల సర్వర్‌కో ఆరెంజ్ పై, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డును ఆర్మ్‌బియన్‌తో (ఇలాంటి బోర్డుల కోసం చేసిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) నడుపుతున్నవాళ్ళకు నేను చెప్పేది ఇదే: పెద్ద అప్‌గ్రేడ్ ఏదైనా ఉంటే సెప్టెంబరులోగా ముగించండి. కుదరలేదా, సంక్రాంతి దాకా దాని జోలికి పోకండి.

ఆర్మ్‌బియన్ విడుదలలు మూడు నెలలకొకటి చొప్పున ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో వస్తాయి. 25.8 అంటే 2025 ఆగస్టుది అన్నమాట. ఆగస్టుది మన తుపాన్ల సీజన్‌కు ముందు, నవంబరుది సీజన్ మధ్యలో పడతాయి. పైగా దానికి పునాది అయిన డెబియన్‌లో 13వ వెర్షన్ ట్రిక్సీ 2025 ఆగస్టు 9న వచ్చింది కాబట్టి మారిపోదామని చేయి దురద పెడుతుంది. తొందరేం లేదు. డెబియన్ 12కు దీర్ఘకాల సపోర్ట్ 2028 జూన్ వరకు ఉంది.

ట్రిక్సీలో మారినవి చిన్నవేం కావు. 32 బిట్ ఆర్మ్ బోర్డుల్లో టైమ్‌ను 64 బిట్లకు పెంచారు. 2038 గండం (32 బిట్ల టైమ్ లెక్క ఆ ఏడాది నిండిపోతుంది) తప్పడానికి మంచిదే, కానీ మీరు సొంతంగా కంపైల్ చేసుకున్న పాత ప్రోగ్రాములు మళ్ళీ కంపైల్ చేసుకోవాల్సి రావచ్చు. తాత్కాలిక ఫైళ్ళుండే టెంప్ ఫోల్డర్ ఇప్పుడు ర్యామ్‌లో ఉంటుంది, సగం ర్యామ్ దాకా వాడుకోగలదు. 512 ఎంబీ బోర్డు మీద వీడియో ముక్కలు అందులో దాస్తుంటే ఇబ్బందే. నెట్‌వర్క్ పోర్టు పేరు మారే అవకాశమూ ఉంది. మారితే ఎస్ఎస్‌హెచ్‌కు (నెట్‌వర్క్ మీదుగా బోర్డులోకి వెళ్ళే దారి) బోర్డు దొరకదు. అందుకే స్క్రీన్ లేని బోర్డును అప్‌గ్రేడ్ చేసేటప్పుడు బోర్డు పిన్నులకు తగిలించి ల్యాప్‌టాప్‌లోంచి నేరుగా మాట్లాడే 3.3 వోల్టుల సీరియల్ కేబుల్ దగ్గర పెట్టుకోండి. రాక్‌చిప్ ప్రాసెసర్ ఉన్న బోర్డులకు ఆ కేబుల్ వేగం (బాడ్ రేట్) సాధారణంగా 15,00,000 పెట్టాలి, మిగతా చాలావాటికి 1,15,200. సీజన్‌లో కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే మూలభాగం) దానంతటది మారకుండా ఆర్మ్‌బియన్-కాన్ఫిగ్ అనే సెట్టింగుల టూల్‌లో ఫ్రీజ్ చేసేయండి.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. మెమరీ కార్డు ఎక్కువ కాలం మన్నాలని ఆర్మ్‌బియన్ డేటాను వెంటవెంటనే కార్డు మీద రాయదు. ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్ (/etc/fstab, డిస్కుల సెట్టింగులు ఉండేది) తెరిచి కమిట్ అన్నచోట చూడండి. 120 గానీ 600 గానీ ఉంటే, కరెంటు ఠక్కున పోయినప్పుడు దాదాపు అన్ని సెకన్ల పని పోవచ్చని అర్థం. కార్డు మీది ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో మామూలుగా ఇది 5 సెకన్లే. డేటాబేస్‌లు తమ రాతలను తామే కార్డు మీదికి తోయించుకుంటాయి గనుక వాటికి కొంత నయం. లాగ్‌లు మాత్రం ర్యామ్‌లో ఉండి, రోజుకోసారీ, పద్ధతిగా ఆపినప్పుడూ కార్డుకు చేరతాయి. బోర్డు ఎందుకు చచ్చిందో చెప్పే లాగ్ సరిగ్గా ఆ కరెంటు కోతలోనే పోతుంది! కమిట్‌ను తగ్గిస్తే కార్డు కాస్త త్వరగా అరుగుతుంది. ఈ మూడు నెలలకు నేనైతే అరగనిస్తాను. రికార్డింగ్ ఏమీ లేని, ఒకే పని చేసే బోర్డయితే ఓవర్‌లే (మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంచే పొర) పెట్టి, రూట్‌ను, అంటే సిస్టమ్ ఉన్న భాగాన్ని, రాయడానికి వీల్లేకుండా చేయడం ఇంకా మంచిది. అది ఆన్‌లో ఉండగా చేసిన మార్పులు రీబూట్‌తో పోతాయని గుర్తుంచుకోండి.

ఇన్వర్టర్ ఉందిలే అనుకోవద్దు. మామూలు మోడ్‌లో అది మారేటప్పుడు వచ్చే చిన్న విరామానికే కొన్ని బోర్డులు రీబూట్ అయిపోతాయి. యూపీఎస్ మోడ్ ఉంటే అందులో పెట్టండి.

బ్యాకప్ విషయానికొస్తే, బోర్డు ఆపి, కార్డు తీసి, ల్యాప్‌టాప్‌లో మొత్తం కార్డు ఇమేజ్ (అచ్చు నకలు) తీసుకోండి. దాన్ని రెండో కార్డు మీద రాసి, బూట్ అయిందని కళ్ళారా చూస్తేనే బ్యాకప్ ఉన్నట్టు. 32 జీబీ అని రాసి ఉన్న కార్డులన్నీ ఒకే సైజు కావు. కొంచెం పెద్ద కార్డు ఇమేజ్ కొంచెం చిన్న కార్డులో పట్టదు, రెండో కార్డు కొనేటప్పుడు అదే కంపెనీ, అదే మోడల్ అడగండి. ఇమేజ్ ఉన్న హార్డ్‌డిస్క్ బోర్డున్న గదిలో వద్దు.

కళింగపట్నం రేవులో రెండో నంబరు తుపాను హెచ్చరిక జెండా ఎగరేశారని విన్నప్పుడే బోర్డును పద్ధతిగా ఆపేయండి. పవర్‌తో పాటు ల్యాన్ కేబుల్ కూడా పీకండి, పిడుగు ఆ తీగలోంచీ వస్తుంది.

కరెంటు వచ్చాక ముందు డేట్ చూడండి. చాలా బోర్డుల్లో బ్యాటరీ గడియారం ఉండదు, ఆగిపోయినప్పటి టైమ్‌తోనే లేస్తాయి. నెట్ రాకపోతే అదే తప్పు టైమ్‌తో కెమెరా ఫుటేజీ రికార్డవుతుంది, తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళకు చూపించాలంటే గొడవ. డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు. రాస్ప్‌బెర్రీ పై 5లో గడియారం బోర్డు మీదే ఉంది గానీ బ్యాటరీ మనమే కొనాలి.