డగ్లస్ ఏకపాత్రాభినయం చేసేటోళ్లు ముందు తారీఖు పట్టుకోండి

డిసెంబర్ 2 బానిసత్వ నిర్మూలన దినం కదా, హన్మకొండల మా పిల్లలతోని ఫ్రెడరిక్ డగ్లస్ ఏకపాత్రాభినయం చేయిస్తున్న. అమెరికాల బానిసగ పుట్టి, తప్పించుకొని, బానిసత్వం మీద కొట్లాడిన నల్లజాతి నాయకుడాయన. అందరిదీ ఒక్కటే తప్పు, "నేను 1818ల పుట్టిన, 1895ల చనిపోయిన" అని షురూ చేస్తరు. చనిపోయినోడు స్టేజీ ఎట్ల ఎక్కిండు మరి?

అందుకే ఒక్క రోజు పట్టుకోండి. నేనైతే 1852 జులై 5 తీసుకుంట. రోచెస్టర్ల కొరింథియన్ హాలు, అమెరికా స్వాతంత్ర్య దినం తెల్లారి, ఆయనకు 34 ఏండ్లు, ఈ పండుగ మీది, నాది కాదు అని పిలిచినోళ్ల మొహం మీదనే అన్నడు. ఇగ ఆ రోజుదాంక ఆయనకు తెలిసిందే మీకు తెల్వాలె, 1863 విముక్తి ప్రకటన మీకు తెల్వదు, బానిసత్వం ఇంకా నడుస్తనే ఉన్నది. తెల్లగడ్డం పెట్టకుండ్రి, అది ముసలితనం ఫోటోలది. మొహానికి నల్లరంగు అస్సలే వద్దు, కోటు చాలు.

గొంతు సంగతి. నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరోళ్లం, మిమిక్రీ చేయబుద్ధైతది, కానీ డగ్లస్ గొంతు రికార్డింగ్ ఏదీ దొరకలే, మీ గొంతుతోనే నిదానంగ చెప్పుండ్రి.

ఏడు నిమిషాలల్ల జీవితమంతా కుక్కొద్దు. బాల్టిమోర్ల యజమానురాలు సోఫియా అక్షరాలు నేర్పుతుంటే మొగుడు బంద్ చేయించిండు, అప్పుడీ పోరడు జేబుల రొట్టె పెట్టుకపోయి గల్లీల పేద తెల్లపిల్లలకిచ్చి చదువు నేర్చుకున్నడు, ఈ ఒక్క ముచ్చట చాలు. రొట్టె నిజంగనే జేబుల నుంచి తీయండి, తీసినంక జెరసేపు మాట్లాడకుండ్రి.

అసలు పరీక్ష ఆట అయినంక చూసేటోళ్లు ప్రశ్నలు అడిగేటప్పుడే. 1838ల ఎట్ల తప్పించుకున్నవ్ అని పక్కా అడుగుతరు. నావికుని బట్టలు, వేరేటోని కాయితాలు, రైలు, అన్నీ మీకు తెలుసు, అయినా చెప్పొద్దు. ఆ దారి బయటపడితే వెనుకొచ్చేటోళ్లు దొరికిపోతరని ఆయన ఏండ్ల తరబడి దాచిండు, పూర్తిగ రాసింది 1881 పుస్తకంలనే. "ఇంకా రావాల్సినోళ్లున్నరు, చెప్పను" అని ఆగుండ్రి.

ఇంకోటి, మన దిక్కు ఎవరన్న "వెట్టి లెక్కనేనా?" అంటరు. డగ్లస్‌కు వెట్టి తెల్వదు కదా, "అదేంది, చెప్పు తాతా" అని మీరే తిరిగి అడగండి. ఒకసారి గట్లనే అడిగితే ఓ పెద్దమనిషి దొర గడీల వాళ్ల నాయిన చేసిన చాకిరీ గురించి మొదలుపెట్టిండు, నా ఆటకంటె ఎక్కువసేపు చెప్పిండు, వాచ్‌మెన్ లైట్లు బంద్ చేస్త అన్నా ఆపలే. హాలు ఇంకో అరగంట ఎక్కువ మాట్లాడుకోండి.