వర్జీనియాలో జింకల వేట మొదలుపెడుతున్నారా: మాక్ స్క్రేప్ గురించి, దానికంటే ముందు తెలియాల్సినవాటి గురించి

ఆష్‌బర్న్, హెర్న్‌డన్, ఆల్డీ వైపు కొత్తగా దిగిన మనవాళ్ళకి అక్టోబర్ రాగానే ఒక సంగతి కళ్ళబడుతుంది. పక్క సీటాయన శుక్రవారం లీవ్ పెట్టి అడవికి పోతాడు, సోమవారం వచ్చి ఫోన్లో ఫొటోలు చూపిస్తాడు, నువ్వూ ఒకసారి రారాదా అంటాడు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అంటే నేరమే, దుప్పి మీద చెయ్యేస్తే జైలే అని వింటూ పెరిగాం కాబట్టి ఇక్కడ లైసెన్స్ తీసుకుని జింకని కొట్టొచ్చంటే ముందు నమ్మబుద్ధి కాదు. నాకూ కాలేదు. ఆరేళ్ళ కింద మా ఆఫీసులో ఒక పెద్దాయన ఫాకియర్ కౌంటీలో తన పొలానికి తీసుకెళ్ళాడు, అప్పట్నుంచి ప్రతి సీజనూ పోతున్నాను, ఈ మధ్య అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నా. మాక్ స్క్రేప్ అంటే మగ జింకలు నేల గీకి వాసన గుర్తులు వదిలే చోటుకి (దాన్నే స్క్రేప్ అంటారు) మనం తయారు చేసే నకలు, దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

ముందు వీసా సంగతి. హెచ్ వన్ బీ, ఎల్ వన్, ఎఫ్ వన్, హెచ్ ఫోర్ ఇవన్నీ నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాలే, వీటి మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, కొనుక్కోవడమే కాదు, ఫ్రెండు తుపాకీ కాసేపు చేతిలోకి తీసుకున్నా అదే లెక్క. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదైనా స్టేట్ ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అంటే లైసెన్స్ ముందు, తుపాకీ తర్వాత, ఈ వరస తప్పితే గ్రీన్ కార్డు దాకా వెంటాడుతుంది. ఏ కొంచెం అనుమానం ఉన్నా ఇమ్మిగ్రేషన్ లాయర్ని ఒక్కమాట అడగండి. నా మట్టుకు నేను మొదటి మూడేళ్ళూ విల్లుతోనే, అంటే క్రాస్‌బోతోనే గడిపాను, ఫెడరల్ చట్టం లెక్కలో విల్లూ క్రాస్‌బో తుపాకీ కిందికి రావు, పైగా ఈ స్క్రేపుల కాలం సరిగ్గా ఆర్చరీ సీజన్లోనే పడుతుంది.

ఇక్కడ వేట వ్యవహారాలు చూసేది డిపార్ట్‌మెంట్ ఆఫ్ వైల్డ్‌లైఫ్ రిసోర్సెస్, అందరూ డీడబ్ల్యూఆర్ అంటారు. ఇంతకుముందు ఎప్పుడూ లైసెన్స్ లేనివాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి, ఆన్‌లైన్‌లో కూడా అవుతుంది. అది చేసే టైం లేకపోతే అప్రెంటిస్ లైసెన్స్ అని ఉంది, రెండేళ్ళు పనికొస్తుంది, కాకపోతే లైసెన్స్ ఉన్న పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కనుండాలి. నేనైతే కోర్సే చెయ్యండంటాను, అందులో చెప్పే సేఫ్టీ పాఠాలు అసలు వదులుకోకూడనివి. మామూలు లైసెన్స్ ఒక్కటే సరిపోదు, డీర్ టర్కీ లైసెన్స్ వేరేగా ఉంటుంది. ఇంకోటి, చెట్లకి ఊదారంగు పెయింట్ పట్టీలు కనబడితే అది అలంకారం కాదు, లోపలికి రావద్దని ఓనర్ చెప్పడమే. మన ఊళ్ళో పొలం గట్ల మీద నడిచినట్టు నడిచేస్తే కుదరదు.

సరే, స్క్రేప్ అంటే ఏంటో చూద్దాం. మగ జింకని ఇక్కడ బక్ అంటారు, ఆడదాన్ని డో అంటారు. వర్జీనియాలో జింకలు ఎదకొచ్చేది ఎక్కువగా నవంబర్ మధ్యలో. దానికి రెండు మూడు వారాల ముందు నుంచి, అంటే అక్టోబర్ చివర్లో బక్కులకి కుదురుండదు, అడవి అంచుల్లో, పాత బండి దారుల మీద, వంగి ఉన్న కొమ్మ కింద ఆకులన్నీ గిట్టలతో గీకేసి నేల బయటికి తీస్తాయి. ఆ గీకిన చోటే స్క్రేప్. కొత్తవాళ్ళందరూ నేల వైపే చూస్తారు, నేనూ అట్లానే చూశాను, అసలు కథంతా పైనున్న కొమ్మలో ఉంటుంది.

చెట్టుకి కట్టి వదిలేసే నా కెమెరాలో మొదటిసారి పడింది చెప్తాను వినండి. అక్టోబర్ ఆఖరి వారం, రాత్రి రెండు దాటింది. ఒక 8 పాయింట్ల బక్, అంటే కొమ్ములకి మొత్తం 8 మొనలున్నది, తల దించుకుని దారి వెంట వచ్చి కొమ్మ కింద ఆగింది. ముందు ముక్కు పైకెత్తి కొమ్మ చివర వాసన చూసింది, చాలాసేపు. తర్వాత ఆ కొసని నోట్లోకి తీసుకుని మెల్లగా నమిలి వదిలేసి, కంటి మూల దగ్గర చిన్న గుంట ఉంటుంది కదా దాన్ని కొమ్మకేసి రుద్దింది, నుదురు రుద్దింది, అది రుద్దుతుంటే కొమ్మ మొత్తం ఊగుతోంది. ఆ తర్వాతే ముందుకాలితో నేలని నాలుగైదు సార్లు గీకింది. చివర్లో వెనక కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, ఆ కాళ్ళ మధ్య కీళ్ళకి లోపలివైపు నల్లటి వెంట్రుకల కుచ్చులు ఉంటాయి, వాటి మీదుగా మూత్రం పోసింది, అది కారి ఆ మట్టిలో పడింది. మొత్తం నిమిషంన్నర. పొద్దున్నే వెళ్ళి వంగి చూస్తే ఆ మట్టి వాసన దూరం నుంచే తెలుస్తోంది, ఘాటుగా, పశువుల కొట్టంలో వచ్చే వాసన కంటే ఇంకాస్త ఎక్కువగా. నేనొచ్చాను, నేనెవరో ఇదిగో అని చెప్పి పోవడమన్నమాట. ఇంకో బక్ వచ్చి చదువుకుంటుంది, ఆడవి కూడా వస్తాయి, కొమ్మనైతే ఏడాది పొడుగునా అన్నీ వాసన చూస్తూనే ఉంటాయి.

ఇలాంటిదాన్ని మనమే తయారు చేస్తే మాక్ స్క్రేప్. జింకలు ఎలాగూ తిరిగే చోటే పెట్టాలి, రెండు దారులు కలిసే దగ్గర, పొలం అంచు అడవిలోకి తిరిగే మూల, అలాంటివి. ఎక్కడా జాడ లేని చోట పెట్టి రమ్మంటే రావు. ఓక్ గానీ బీచ్ గానీ, నేల నుంచి నాలుగున్నర ఐదు అడుగుల ఎత్తులో కొస వేలాడే కొమ్మ ఉందేమో చూడండి, లేకపోతే అడవి ద్రాక్ష తీగ ముక్క ఒకటి తాడుతో వేలాడదీస్తే చాలు, నాకు ఇప్పటిదాకా అన్నిటికంటే బాగా పనిచేసింది ఆ తీగే. దాని కింద రెండు మూడు అడుగుల మేర ఆకులు తీసేసి కర్రతో పచ్చి మట్టి కనబడేదాకా గీకండి. రబ్బరు బూట్లు, చేతులకి గ్లవ్స్ ఉండాలి, మన చెమట వాసన, పొద్దున పెట్టుకున్న అగరొత్తుల వాసన, చొక్కాకి పట్టిన పోపు వాసన ఇవన్నీ జింకకి తెలిసిపోతాయి, అందుకే నా అడవి బట్టలు వంటింటికి దూరంగా గరాజ్‌లో ఒక డబ్బాలో మూతపెట్టి ఉంచుతాను. సెప్టెంబర్ చివర్లో పెట్టేసి మరిచిపోవడం మంచిది, రోజూ వెళ్ళి చూసొస్తే అది మన స్క్రేప్ అయిపోతుంది, వాటిది కాదు. పబ్లిక్ ల్యాండ్ అయితే కొమ్మలు నరకడం, చెట్టుకి మేకులు కొట్టడం వద్దు, కెమెరా పెట్టొచ్చా లేదా అన్నది కూడా ఆ స్థలం రూల్స్ చూసుకునే చెయ్యండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. మొదటి ఏడాది నేను వీడియోలు చూసి, స్క్రేప్‌లో పొయ్యడానికని ఆన్‌లైన్‌లో ఒక సీసా తెప్పించాను, ఎదకొచ్చిన ఆడజింక మూత్రం అని దాని మీద రాసుంది. ఇంటికి చేరిపోయింది కదా, అమ్ముతున్నారు కదా, ఇంక తప్పేముంటుంది అనుకున్నా. శనివారం తెల్లారకముందే బండి దగ్గర బ్యాగ్ తెరిస్తే మా పెద్దాయన ఆ సీసా చూసి లోపల పెట్టెయ్, ఇక్కడ అది పట్టుకుని అడవిలో అడుగుపెట్టకూడదు అన్నాడు. నాకు ఒళ్ళు చల్లబడింది. వీసా మీద ఉన్నవాడిని, చేతిలో చట్టవిరుద్ధమైన వస్తువు. వర్జీనియాలో 2015 జూలై 1 నుంచి జింక మూత్రం గానీ దాని ఒంట్లోంచి వచ్చిన ఇంకే ద్రవం గానీ ఉన్న సెంట్లు, అంటే జింకల్ని రప్పించే వాసన సీసాలు, వేటలో వాడకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. వీడియో చేసినాయన ఏ స్టేట్‌లో ఉన్నాడో మనం చూడం, రూల్ స్టేట్‌కీ స్టేట్‌కీ మారిపోతుంది. మీరు టెక్సాస్‌కో ఒహాయోకో మారితే మళ్ళీ మొదటి నుంచి చదువుకోవాలి.

ఈ రూల్ ఊరికే పెట్టలేదు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకలకి మెదడు జబ్బు ఒకటుంది, సోకితే చావే, మందు లేదు. దాన్ని కలిగించే ప్రయాన్లు అనే ప్రొటీన్లు లాలాజలంలో, మూత్రంలో, పేడలో బయటికొచ్చి మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. సీసాల్లో అమ్మే మూత్రం ఎక్కడో పెంపుడు జింకల ఫారాల నుంచి వచ్చేది, అందులో ఏముందో మనకి తెలియదు, దాన్ని తీసుకొచ్చి జింకలన్నీ వచ్చి ముక్కు పెట్టే చోట పొయ్యడమంటే ఎంత పని చేస్తున్నామో ఆలోచించండి. వర్జీనియాలో ఈ జబ్బు మొదట 2009లో ఫ్రెడరిక్ కౌంటీలో బయటపడింది, మనకి గంటన్నర దూరం కూడా లేదు. సింథటిక్ అని స్పష్టంగా రాసున్నవి వాడొచ్చు, నేనైతే అవి కూడా మానేశాను. తీగ, పచ్చి మట్టి, అంతే, వారం పది రోజుల్లో ఏదో ఒక బక్ వచ్చి మిగతా పని అదే చేసుకుంటుంది. పోయిన సీజన్లో నాలుగు పెడితే మూడింటికి బక్కులు వచ్చాయి.

ఉప్పు గడ్డలు, మొక్కజొన్నలు మాత్రం అక్కడ పెట్టొద్దు, ఎర వేసి వేటాడటం ఇక్కడ నిషేధం.

ఇంకో మాట, స్క్రేపుల దగ్గరికి రాకపోకలు ఎక్కువగా రాత్రిపూటే. వేటాడే టైం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే. కెమెరాలో బక్ పడిందని ఆ కొమ్మ పక్కనే మంచె కట్టుకుని కూర్చుంటే రోజులు పోతాయి. గాలివాటం చూసుకోండి. పెద్ద బక్కులు చాలాసార్లు స్క్రేప్ దాకా రావు, గాలి కింది వైపు ఒక 20, 30 గజాల నుంచే వాసన చూసుకుని పోతాయి, కాబట్టి మంచె ఆ బక్ పోయే దారికి కూడా గాలి కిందివైపు ఉండాలి. స్క్రేప్ అనేది నాకు జింక ఎటు నుంచి ఎటు పోతోందో చెప్పే అడ్రస్ లాంటిది, నేను కొట్టిన బక్కులు రెండూ స్క్రేప్ మీద కాదు, దానికి పోయే దారిలో దొరికినవే. చెట్టు మీద ఎక్కేటప్పుడు ఒంటికి హార్నెస్, అంటే కింద పడకుండా చెట్టుకి కట్టుకునే పట్టీలు, లేకుండా ఒక్క అడుగు కూడా వద్దు, ఇంట్లో మీకోసం చూసేవాళ్ళు ఉన్నారు, ఎక్కడ కూర్చుంటున్నారో లొకేషన్ పంపి వెళ్ళండి, అక్కడ సిగ్నల్ ఉండకపోవచ్చు.

ఆకుల్లో మోకాళ్ళ మీద కూర్చుని మట్టి గీకే పని కాబట్టి టిక్స్ అనే పురుగుల సంగతి మర్చిపోవద్దు. లైమ్ జబ్బు ఒకటే కాదు, లోన్ స్టార్ టిక్ కుడితే ఆల్ఫా గాల్ అని ఒక ఎలర్జీ రావచ్చు, అది వస్తే మటన్, బీఫ్, పోర్క్, జింక మాంసం అన్నీ పడవు, కోడీ చేపా తప్ప. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, బట్టలకి పర్‌మెత్రిన్ అనే పురుగుల మందు ముందురోజే కొట్టి ఆరబెట్టండి, ఇంటికి రాగానే చంకలు, మోకాళ్ళ వెనక, నడుం దగ్గర చూసుకోండి.

జింక పడ్డాక దాన్ని అక్కడి నుంచి కదిలించే ముందే ట్యాగ్ (లైసెన్స్‌తో వచ్చే, జింకకొకటి చొప్పున వాడే చీటీ) పని పూర్తి చెయ్యాలి, తర్వాత రిపోర్ట్ చెయ్యాలి, అది డీడబ్ల్యూఆర్ యాప్‌లోనే అవుతుంది. ఫ్రెడరిక్, క్లార్క్, వారెన్, షెనాండోవా లాంటి, ఆ క్రానిక్ వేస్టింగ్ జబ్బు అదుపు కోసం వేరే రూల్స్ ఉన్న కౌంటీల్లో కొడితే మొత్తం కళేబరాన్ని ఎక్కడికి పడితే అక్కడికి తేవడానికి లేదు, తలని టెస్టుకిచ్చే చోట్లు ఎక్కడున్నాయో డీడబ్ల్యూఆర్ సైట్లో ఉంటాయి. రిజల్ట్ వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లోనే ఉంచండి, పాజిటివ్ వస్తే తినొద్దు. నెగెటివ్ వచ్చాక మాత్రం తొడ మాంసాన్ని పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఉంచి, కొవ్వు ఉండదు కాబట్టి నూనె కాస్త ఎక్కువే పోసి కుక్కర్లో మెత్తగా ఉడికించి, ఆఖర్లో మిరియాలు కరివేపాకు వేసి వేపండి. మా ఇంట్లో ఆదివారం మా పెద్దాయన కూడా ఒక ప్లేటు పట్టుకుని వస్తాడు.