కెమెరా ముందు నా టెన్షన్ ఎలా తగ్గిందంటే

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ వచ్చేసి ఇంటి నుంచే పని మొదలుపెట్టాను. మీటింగ్‌లో కెమెరా ఆన్ చేయమనగానే గొంతు ఎండిపోయేది. మాట్లాడుతున్నంతసేపూ నా చూపు నా బొమ్మ మీదే. జుట్టు చెదిరిందా, వెనకాల దండెం మీది బట్టలు కనిపిస్తున్నాయా అని. చెప్పాల్సిందాంట్లో సగం మరిచిపోయేదాన్ని.

గంటల తరబడి మన ముఖం మనమే చూసుకోవడం అలసట తెస్తుందని 2021లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ రాశారు. అది తెలిశాక జూమ్‌లో 'హైడ్ సెల్ఫ్ వ్యూ' నొక్కాను. అవతలివాళ్లకు నేను కనిపిస్తూనే ఉంటాను, నాకు మాత్రం కనిపించను. సగం టెన్షన్ అప్పుడే పోయింది.

కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా పడేది, అందుకే ఎదురుగా తిరిగాను. ల్యాప్‌టాప్ కింద పీట వేసి కెమెరాను కళ్ల ఎత్తుకు తెచ్చాను. ఎండాకాలం మధ్యాహ్నాలు పరదా వేయక తప్పదు, మా దగ్గర ఎండ అలాంటిది.

అన్నిటికంటే పనికొచ్చింది మా వదిన. రోజూ రాత్రి పక్క గదిలోంచి వీడియో కాల్‌లో కూర్చుని, మర్నాడు నేను చెప్పబోయేదంతా ఓపిగ్గా వినేది. "కెమెరా దిక్కు చూసి చెప్పు, అప్పుడే నాతోని మాట్లాడుతున్నట్టు అనిపిస్తది" అంది. ఆమె బొట్టుబిళ్ల ఒకటి తీసి కెమెరా పక్కనే అంటించాను. ఇప్పటికీ మాట్లాడేటప్పుడు నా చూపు అక్కడికే పోతుంది.