బాంజో స్ట్రాప్: నిలబడితే బాంజో మెడ వాలిపోకుండా ఏం చేశానంటే

నాది వెనక రెజొనేటర్ (శబ్దాన్ని ముందుకి పంపే చెక్క గిన్నె) లేని ఐదు తీగల బాంజో. కూర్చుంటే బాగానే ఉండేది, నిలబడగానే మెడ కిందికి వాలేది, ఎడమ చెయ్యి దాన్ని మొయ్యడానికే సరిపోయేది. నైలాన్ గిటార్ స్ట్రాప్, మెటల్ క్లిప్పులు (గలగల చప్పుడు!), హెడ్‌స్టాక్‌కి (మెడ చివర తీగలు బిగించే భాగం) తాడు, ఏవీ కుదరలేదు.

కుదిరింది క్రేడిల్ స్ట్రాప్. బాంజోని ఒళ్ళో పెట్టుకుని, స్ట్రాప్ సన్నటి కొసని మెడ మొదట్లో, నేల వైపున్న మొదటి హుక్కు వెనక నుంచి దూర్చాను. అంటే హెడ్‌ని (డప్పు తోలులా బిగుతుగా ఉండే ముఖం) బిగించి పట్టుకునే హుక్కులకీ చెక్క రిమ్ముకీ మధ్య సందులోంచి అన్నమాట. అలాగే కింది సగం చుట్టూ ఒక్కో హుక్కు వెనకగా లాగి, టెయిల్‌పీస్ (తీగల కింది కొసల్ని పట్టి ఉంచే ముక్క) దాటాక బయటికి తీసి బకిల్ పెట్టాను. హుక్కుల నట్లు మాత్రం వదులు చెయ్యకండి, హెడ్ టెన్షన్ మారి శబ్దమే మారిపోతుంది. ఇప్పుడు బరువంతా ఒకటి రెండు హుక్కుల మీద కాకుండా కింద ఉయ్యాలలా పరుచుకుంటుంది.

తర్వాత అసలు పని పొడవు సర్దడం. కూర్చుని, వాయించే ఎత్తులో బాంజో ఉండగానే స్ట్రాప్ బిగించాను, లేచినా అది అక్కడే ఉండాలి. భుజం మీద గరుకు తోలు వైపు ఆనితే జారదు, నాకు సగం ఫలితం దానివల్లే వచ్చిందనిపిస్తోంది.

మెడ మరీ బరువైతే ఇది వాలడాన్ని పూర్తిగా ఆపకపోవచ్చు. రెజొనేటర్ ఉన్నవాటిలో సందు ఇరుకు, కొనేముందు కొస వెడల్పు చూసుకోండి.