పాము తొట్టెలో మన రాళ్ళు: సమస్య - పరిష్కారం

మనం సేకరించిన రాళ్ళు పాము తొట్టెలో పెడితే వచ్చే ఇబ్బందులు ఇవి. ముందొక మాట అండి, ఇదంతా ఇంట్లో పెంచే బాల్ పైథాన్ (ఆఫ్రికా చిన్న కొండచిలువ) గురించే. చేలో దొరికిన జెర్రిపోతునో తాచునో పట్టి పెంచితే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, బాల్ పైథాన్‌ కూడా సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చెయ్యాలి, పిల్లలు పుడితే అవీ చెప్పాలి.

పొట్ట కింద పొలుసులు ఎర్రబడి నీటిబుడగలు వస్తున్నాయా?
వానాకాలంలో నాకు ఎక్కువ భయం ఇదే. గాలిలో తేమ వల్లే అనుకుంటాం గానీ రాయి ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి, తొట్టె అడుగున పరిచిన కొబ్బరి పొట్టు చిత్తడిగా ఉంటుంది, రాయి మూతలాగా కూర్చుంటే అది ఆరదు. ఆ కొబ్బరి పొట్టు మొత్తం తీసేసి, పాముకి తగ్గేదాకా దాన్ని పేపర్ మీదే ఉంచండి, వేడి వైపు 32 డిగ్రీలు, చల్ల వైపు 26 ఉండేలా చూడండి, బుడగలుంటే మాత్రం డాక్టర్ దగ్గరకే. అదే మచ్చ హీట్ మ్యాట్ (తొట్టెని వేడి చేసే కరెంటు చాప) మీదున్న రాయికి ఆనే చోటే వస్తే అది కాలిన గాయం, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ వాడొద్దు.

కుబుసం ముక్కలుగా ఊడుతోందా?
కోనసీమలో ఇంత ఉక్కపోతలో ఇదేంటి అనిపిస్తుంది కదా, కారణం గదిలో ఏసీ, అది తేమ లాగేస్తుంది. తడి నాచు పెట్టిన డబ్బా ఒకటి లోపల పెట్టండి. ఒరుసుకోడానికి ఏటి గులకరాయి మరీ నున్నగా ఉంటుంది, పంగిడి వైపు క్వారీల నల్లరాయి అయితే గరుకు బాగుంటుంది, కానీ కొత్తగా పగిలిన అంచు కత్తిలా ఉంటుంది, అరగదీసి పెట్టండి.

రాయి ఒరిగిందా?
ఇది నా తొట్టెలోనే జరిగింది, పాము కింద పొట్టు తవ్వుకుంటూ పోయింది, రాయి దిగబడింది, ఆ పూట చూశాను కాబట్టి బతికింది. రాయి ఎప్పుడూ తొట్టె అడుగు మీదే ఆనాలి, పొట్టు తర్వాత చుట్టూ పోయాలి. ఒకదాని మీద ఒకటి పేర్చేదుంటే సిలికాన్‌తో అతికించి ఒక రోజు ఆరనివ్వండి.

తడిరాయిని శుభ్రం చెయ్యాలని ఓవెన్లో పెట్టొద్దు, లోపలి నీరు ఆవిరై పేలొచ్చు. బ్రష్‌తో రుద్ది ఎండలో ఆరబెడితే చాలు. మన సేకరణలోని గలీనా, పైరైట్ లాంటి ఖనిజాలు తొట్టెలో పెట్టకుండా బీరువాలోనే ఉండనివ్వండి, మొదటిదాంట్లో సీసం ఉంటుంది, రెండోది ఈ తేమకి పాడైపోతుంది.

గుడ్లున్నప్పుడు తుఫానుకి కరెంటు పోతే వేడి నిలవడానికి ఇంక్యుబేటర్లో (గుడ్లు పొదిగే పెట్టెలో) రాళ్ళు పెట్టేవాళ్ళున్నారు, దానికంటే నీళ్ళ సీసాలు పెట్టండి, కిలో నీరు కిలో రాయి కంటే దాదాపు 5 రెట్లు వేడి దాస్తుంది. గుడ్డు పైభాగాన పెన్సిల్ గుర్తు పెట్టుకుని, తిప్పకుండా అలాగే ఉంచండి.