ఇంట్లో ఫొటో ప్రింట్ తీసే ముందు జాగ్రత్తలు

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫొటోల్లో పసుపు, కుంకుమ రంగులు కాగితం మీద మారిపోకూడదంటే ముందే ఇవి చూసుకోండి.

• మానిటర్ ఆన్ చేసి అరగంట ఆగండి. స్క్రీన్‌ను పసుపుగా మార్చే నైట్ లైట్ సెట్టింగ్ తీసేయండి. బ్రైట్‌నెస్ ఎక్కువుంటే తర్వాత ప్రింటే చీకటిగా ఉందనిపిస్తుంది.

• నాజిల్ చెక్ (అన్ని రంగుల ఇంకూ సరిగ్గా దిగుతోందా అని చూసే టెస్ట్ ప్రింట్) తప్పనిసరి. సయాన్ (లేత నీలం ఇంకు) సరిగ్గా దిగకపోతే ముఖాలు ఎర్రబారతాయి.

• ఎక్కువమందికి రంగులు చెడేది ఇక్కడే: రంగుల బాధ్యత ఫొటోషాప్‌కో ప్రింటర్‌కో ఒక్కదానికే ఇవ్వండి. ఫొటోషాప్‌కిస్తే ఆ కాగితానికి సరిపడే ఐసీసీ ప్రొఫైల్ (ఆ ప్రింటర్, ఇంకు, కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) ఎంచుకుని, ప్రింటర్ సెట్టింగుల్లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయాలి. రెండూ సరిచేయబోతే రంగు రెండుసార్లు మారుతుంది. ఇంకు కంపెనీ మార్చారా, పాత ప్రొఫైల్‌ను నమ్మొద్దు.

• గ్లాసీ కాగితం పెట్టి, ప్రింటర్ సెట్టింగుల్లో కాగితం రకం ప్లెయిన్ అని ఎంచుకోకండి.

• కళింగపట్నం, భోగాపురం లాంటి తీర ఊళ్లలో తేమ ఎక్కువ. మిగిలిన కాగితాన్ని సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో దాచండి.

• ముందు 4×6 సైజులో ఒకటి తీసి, ఆరనిచ్చి, మర్నాడు పగటి వెలుతురులో చూశాకే పెద్దది తీయండి.